సిమ్లా మంచులో ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న కారు నడపవచ్చా?

హబ్సిగూడ నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. నాకు సిమ్లాకు బదిలీ అయింది. డిసెంబరు రెండో వారంలో అక్కడ విధుల్లో చేరాలి. మావారు, ఇద్దరు పిల్లలు సంక్రాంతి తర్వాత వస్తారు. మా దగ్గర 2019 నాటి పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. మాన్యువల్ గేర్లు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, అంతకుమించి ప్రత్యేక ఏర్పాట్లేమీ లేవు. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో కారు నడుపుతున్నాను. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కూడా చాలాసార్లు నడిపాను. కానీ మంచు పడిన రోడ్డును ఇంతవరకు కళ్లతో చూడలేదు. మనకు మంచు అంటే డిసెంబరు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద కమ్ముకునే పొగమంచే కదా.

నాకు కేటాయించిన క్వార్టర్ నుంచి కార్యాలయానికి ఆరు కిలోమీటర్లు. దారంతా ఎక్కుడు, దిగుడు, మలుపులేనని అక్కడి సహోద్యోగులు చెప్పారు. ఈ కారు అమ్మేసి అప్పు చేసైనా ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనమని కొందరు సలహా ఇస్తున్నారు. సిమ్లాలో సగం మంది చిన్న కార్లే నడుపుతారు, ఏమీ భయం లేదని మరికొందరు అంటున్నారు. రెండు మాటల్లో ఏది నమ్మాలో తెలియడం లేదు. ముందు చక్రాలు లాగే కారు మంచులో ఎలా ప్రవర్తిస్తుంది, బయలుదేరే ముందు ఇక్కడే ఏమేమి చేయించుకోవాలి, చక్రాలకు చుట్టే గొలుసులు నిజంగా అవసరమా అన్నవి తెలిసినవారు చెప్పగలరు. కారును నడుపుకుంటూ వెళ్లాలా, ట్రక్కు మీద పంపాలా అన్నది మేం తేల్చుకుంటాం. నా దిగులంతా జనవరి ఉదయాల గురించే.

నిజాంపేట నివాసి

నమస్కారం మేడమ్ గారూ. నేను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో తొమ్మిది చలికాలాలు గడిపి తిరిగి వచ్చాను. ఆ తొమ్మిదేళ్లూ నడిపినవి ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న కార్లే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: మీ కారు అమ్మవలసిన అవసరం లేదు. చిన్న కారులో ఇంజిను, గేర్‌బాక్సు రెండూ ముందు చక్రాల మీదే కూర్చుంటాయి. లాగే చక్రాల మీదే బరువు ఉండటం వల్ల, వెనక చక్రాలు లాగే బండి కంటే ఇది మంచులో తేలికగా కదులుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఇంకా తేలికగా కదులుతుందన్నది నిజమే, కానీ ఆగడంలో దానికి ప్రత్యేకమైన లాభం లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. నేను అక్కడ చూసినంతలో, గుంటలోకి జారిపోయిన బండ్లలో పెద్ద పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తక్కువేమీ కాదు. తేలికగా కదులుతోంది కదా అని వేగంగా వెళ్లి, ఆగవలసిన చోట ఆగలేకపోయినవే అవన్నీ.

అందువల్ల కారు ఎలా కదులుతుందన్న ప్రశ్న కంటే ఎలా ఆగుతుందన్న ప్రశ్న మీద ఎక్కువ మనసు పెట్టండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గట్టిగా బ్రేకు వేస్తే, పొడి తారు రోడ్డు మీద కారు సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. తొక్కుడు పడి గట్టిపడిన మంచు మీద అదే కారుకు 30 మీటర్లు పడుతుంది. గాజులా గడ్డకట్టిన మంచు మీదైతే 60 మీటర్లు దాటుతుంది. ఇది చదునైన రోడ్డు లెక్క. సిమ్లా రోడ్లు చదునుగా ఉండవు. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలు మీద గడ్డకట్టిన మంచు ఉంటే, బ్రేకు వేసిన కారు ఆగే ప్రశ్నే ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆ వాలు కిందికి లాగే బలమూ టైరుకు దొరికే పట్టూ దాదాపు సమానమవుతాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే, ఏ రోజు కారు బయటికి తీయకూడదో మీకే తెలుస్తుంది.

ముందు చక్రాలు మలుపులో ఏం చేస్తాయో కూడా చెప్పాలి. లాగే పనీ, తిప్పే పనీ, బ్రేకులో పెద్ద వాటా కూడా వాటిదే. మంచు మీద దొరికే కొద్దిపాటి పట్టును ఈ మూడు పనులూ పంచుకోవాలి. మలుపులో యాక్సిలరేటర్ నొక్కినా, బ్రేకు వేసినా, తిప్పడానికి పట్టు మిగలదు. మీరు స్టీరింగ్ తిప్పుతారు, కారు మాత్రం నేరుగా పోతుంది. అప్పుడు ఎవరికైనా వెంటనే తోచేది స్టీరింగ్‌ను ఇంకా ఎక్కువ తిప్పడం, కానీ దానివల్ల జారడం పెరుగుతుంది. చేయవలసింది దానికి విరుద్ధం: యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా సడలించి, స్టీరింగ్‌ను కొద్దిగా వెనక్కి తెచ్చి, చక్రాలు మళ్లీ పట్టు అందుకునేదాకా ఒక క్షణం ఓపిక పట్టాలి. మలుపు ముందే, నేరుగా ఉన్న రోడ్డు మీదే వేగం తగ్గించుకుంటే ఈ అవస్థే రాదు.

ఏబీఎస్ గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. అక్కడికి వెళ్లిన మొదటి డిసెంబరులో, రాత్రి డ్యూటీ నుంచి తిరిగి వస్తూ మా ఇంటి దగ్గరి కూడలిలో బ్రేకు వేశాను. వేగం 30 కూడా లేదు. పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంది, ఏదో విరిగినట్లు చప్పుడు వచ్చింది. బ్రేకు పాడైందనుకుని భయంతో కాలు తీసేశాను. కారు కూడలి మధ్య నుంచి జారుకుంటూ అవతలికి వెళ్లి, మంచు గుట్టకు తగిలి ఆగింది. అంతకు ముందు క్షణమే ఒక లారీ అదే కూడలి దాటి వెళ్లింది. ఆ చప్పుడు ఏబీఎస్ పనిచేస్తున్న చప్పుడని మర్నాడు తెలిసింది. ఆ కంపనం వచ్చినప్పుడు కాలు తీయకూడదు, నొక్కిపెట్టి ఉంచి స్టీరింగ్‌తో దారి చూసుకోవాలి. మీరు చేరిన కొత్తలో, మంచు పడిన ఒక ఉదయం మనుషులూ గోడలూ లోయా లేని ఖాళీ మైదానానికి కారు తీసుకెళ్లి, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో కావాలనే గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆ పెడల్ కొట్టుకోవడం మీ పాదానికి ముందే పరిచయమై ఉండాలి.

మూసాపేట గ్యారేజీ

నిజాంపేట వారు నడపడం గురించి చక్కగా చెప్పారు. బండి సంగతి నేను చెబుతాను. ఇరవై రెండేళ్లుగా మూసాపేటలో గ్యారేజీ నడుపుతున్నాను.

మేడమ్, మీరు అన్నిటికంటే ముందు చూపించవలసింది కూలెంట్, అంటే ఇంజిను వేడెక్కకుండా, చలికి గడ్డకట్టకుండా రేడియేటర్‌లో పోసే ద్రవం. హైదరాబాద్ ఎండల్లో రేడియేటర్ మట్టం తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు పోసేయడం మన దగ్గర అలవాటు. రెండు మూడు వేసవులు గడిచేసరికి లోపల కూలెంట్ పేరుకే మిగులుతుంది. ఇక్కడ దానివల్ల పెద్ద ప్రమాదం కనిపించదు. కానీ నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు ఇంజిను బ్లాకు ఇనుమైనా అల్యూమినియమైనా నిలవలేదు. మూడేళ్ల కిందట మా దగ్గర సర్వీసు చేయించుకున్న ఒక కుటుంబం జనవరిలో మనాలి వెళ్లింది. రాత్రంతా బండి బయటే నిలిపారు, ఉదయం స్టార్టు చేయబోతే రేడియేటర్ పగిలి ఉంది, ఇంజిను పక్కనుండే బిళ్ల బయటికి తోసుకొచ్చింది. సర్వీసుకు తెచ్చినప్పుడు ఎక్కడికి వెళ్తున్నారని నేను ఒక్క మాట అడిగి ఉంటే అది జరిగేది కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు పాత ద్రవం పూర్తిగా తీయించి, లోపల కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. ఆ మిశ్రమం సుమారు మైనస్ 35 డిగ్రీల వరకు గడ్డకట్టదు. సిమ్లా చలికి అది ధారాళంగా సరిపోతుంది. దారిలో ఎవరైనా నీళ్లు పోస్తామంటే వద్దని చెప్పి, కలిపిన కూలెంట్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకోండి.

బ్యాటరీని నిజంగా అరగదీసేది మన ఎండ, ఆ బలహీనత బయటపడేది చలిలో. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన శక్తిలో దాదాపు మూడో వంతు కోల్పోతుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టర్ మీద భారం పెరుగుతుంది. మీ బ్యాటరీకి నాలుగేళ్లు దాటి ఉంటే పరీక్షకు కూడా ఆగకుండా కొత్తది వేయించండి. మీది పెట్రోల్ బండి కావడం మంచిదైంది. బాగా చలి ఉన్న చోట మామూలు డీజిల్‌లో మైనం లాంటి పదార్థం పేరుకుని ఫిల్టరుకు అడ్డుపడుతుంది. లడఖ్ వంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తీసుకురావలసి వచ్చిందంటే కారణం అదే.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, గాడులు కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, చలికి ఇంకా గట్టిపడుతుంది. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కానీ మంచులో 4 మిల్లీమీటర్ల కంటే తక్కువున్న టైరు మీద పిల్లలను కూర్చోబెట్టకండి. గాలి సిమ్లా చేరాక, ఉదయం బండి కదలకముందే మళ్లీ కొట్టించండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో సుమారు ఒక పాయింటు గాలి తగ్గుతుంది. పట్టు కోసం గాలి తీసేయమని కొందరు చెబుతారు. అది ఇసుకలో పనికొచ్చే ఉపాయం, ఘాట్ రోడ్డు మీద వద్దు.

మరో రెండు చిన్న మాటలు. అద్దం కడిగే సీసాలో మామూలు నీళ్లు ఉంచకండి, గడ్డకట్టి మోటారు పోతుంది. చలికి గడ్డకట్టని ద్రవం పోయండి. అద్దం మీద పేరుకున్న మంచును కరిగించడానికి వేడినీళ్లు మాత్రం పోయవద్దు, అద్దం నిలువునా చీలుతుంది.

సైనిక్‌పురి నివాసి

అమ్మా, నేను సైన్యంలో డ్రైవరుగా 24 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అందులో మూడేళ్లు సిమ్లాలోనే. పెద్ద బండ్లతో పాటు అధికారుల చిన్న కార్లూ నడిపాను, కాబట్టి ఆ రోడ్ల గురించి నాకు తెలిసింది రాస్తాను.

మన భాషలో అన్నిటికీ మంచు అనే ఒకే మాట ఉంది గానీ, అక్కడ మీరు మూడు రకాలు గుర్తుపట్టాలి. అప్పుడే పడింది దూదిలా ఉంటుంది, చక్రం దాన్ని కోసుకుంటూ పోతుంది. పెద్దగా భయం లేదు. బండ్లు తొక్కి తొక్కి గట్టిపడింది రెండోది, దాని మీద మెల్లగా వెళ్లవచ్చు. మూడోది పగలు కరిగి నీరై, రాత్రి మళ్లీ గడ్డకట్టి, చూడటానికి ఉత్త తడి రోడ్డులా కనిపించేది. బ్లాక్ ఐస్ అంటారు. మనుషులను చంపేది అదే. సిమ్లాలో మంచు పడిన రోజు కంటే, మర్నాడు ఆకాశం తేటపడి ఎండ కాసిన రోజు తర్వాతి ఉదయం ఎక్కువ ప్రమాదం. దేవదారు చెట్ల నీడలో, ఉత్తరం వైపు తిరిగిన మలుపుల్లో, వంతెనల మీద మధ్యాహ్నం దాకా అది కరగదు. సిమ్లా శివార్లలోని ఢల్లీ దాటి కుఫ్రీ వైపు వెళ్లే రోడ్డులో ఎండ పడిన వంపులో తారు పొడిగా ఉంటుంది, పది గజాల అవతలి వంపులో నిలబడటానికే కాలు ఆగదు. నడుస్తుండగా టైర్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి, స్టీరింగ్ చేతిలో తేలికైనట్లు అనిపిస్తే మీరు ఐస్ మీద ఉన్నారని అర్థం. అప్పుడు బ్రేకు వేయవద్దు, గేరు మార్చవద్దు, స్టీరింగ్ తిప్పవద్దు. కాలు మెల్లగా ఎత్తి దాటిపోనివ్వండి.

శ్రీశైలం ఘాట్‌లో నడిపానన్నారు కాబట్టి, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న సూత్రం మీకు తెలుసు. మంచులోనూ అదే సూత్రం, అయితే మీ కారుకు ఇంకొక జాగ్రత్త ఉంది. గేరు తగ్గించి క్లచ్ ఒక్కసారిగా వదిలితే, ఇంజిను పట్టేది ముందు చక్రాలనే, అంటే స్టీరింగ్ తిప్పే చక్రాలకే హఠాత్తుగా బ్రేకు వేసినట్లవుతుంది. కాబట్టి దిగుడు మొదలుకాకముందే, చదునుగా ఉన్న చోటే రెండో గేరుకో మొదటి గేరుకో వచ్చి, క్లచ్‌ను గుడ్డు మీద కాలు పెట్టినంత మెత్తగా వదలండి. హ్యాండ్ బ్రేకు మాత్రం నడుస్తుండగా ఎప్పుడూ లాగకండి. అది వెనక చక్రాలను మాత్రమే బిగిస్తుంది, వెనక భాగం ముందుకు తిరిగి బండి అడ్డం పడుతుంది. రాత్రి నిలిపేటప్పుడు కూడా హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే తడి గడ్డకట్టి ఉదయానికి వదలదు. గేరులో ఉంచి, ముందు చక్రాలను కొండ వైపు తిప్పి, వెనక రెండు చక్రాలకూ రాళ్లు పెట్టండి.

నిలిచిన చోటి నుంచి కదలడానికి మొదటి గేరు కంటే రెండో గేరు మంచిది, చక్రం గిర్రున తిరగదు. నేను వికారాబాద్ దగ్గరి పల్లెవాడిని. మా నల్లరేగడిలో వాన పడ్డాక బండి దిగబడితే ఎంత రేజ్ చేస్తే అంత లోతుకు పోతుంది. మంచూ అంతే, చక్రం తిరిగిన వేడికి కింద కరిగి నున్నగా తయారవుతుంది. రేజ్ చేయడం ఆపి, కిందకు దిగి, చక్రాల ముందు గోనెసంచులు పరచండి, లేకపోతే ఇసుక చల్లండి. చిన్న పార ఒకటి, ఇసుక పది కిలోలు, రెండు గోనెసంచులు డిక్కీలో ఎప్పుడూ ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మంచులో బండి చిక్కుకుపోయి హీటరు కోసం ఇంజిను నడపవలసి వస్తే, ముందు కిందకు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయండి. ఒక కిటికీ వేలెడంత దించి ఉంచండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్ర వచ్చినట్లే ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని మురీ కొండల మీద మంచులో చిక్కుకున్న వాహనాల్లో పిల్లలతో సహా 20 మందికి పైగా చనిపోయారు. ఈ సంగతి మీవారికీ, పిల్లలకూ కూడా చెప్పి ఉంచండి తల్లీ.

హబ్సిగూడ నివాసి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్ననే టైర్ల ముద్ర చూశాను. నాలుగూ 2019వే. కూలెంట్ కూడా తీయించాను. లేత ఆకుపచ్చ రంగు నీళ్లలాంటిది వచ్చింది. అందులో అసలు కూలెంట్ ఎంత తక్కువో చూసి మా మెకానిక్ కూడా ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు మిగిలినవి రెండు సందేహాలు. టైర్లు ఎలాగూ మార్చాలి కాబట్టి చలికాలపు టైర్లే కొనాలా, మామూలువి కొని గొలుసులు తీసుకోవాలా? గొలుసులు తీసుకుంటే రెండు చక్రాలకు చాలునా?

నిజాంపేట నివాసి

నా ఓటు చలికాలపు టైర్లకే. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే బిరుసెక్కుతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు పలుకు గుర్తు ఉన్నవే అసలైనవి. అయితే వేస్తే నాలుగింటికీ వేయాలి. ముందు రెండింటికే వేస్తే ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం దిగుడులో పక్కకు తిరుగుతుంది. మీ కారు కొలత 165/80 ఆర్14 అయితే సన్నని టైరు, మంచును కోసుకుపోవడానికి అది అనుకూలమే.

సైనిక్‌పురి నివాసి

నిజాంపేట వారు చెప్పింది మంచు నెలల తరబడి నిలిచే దేశానికి సరైన మాట. సిమ్లాలో మంచు కొన్ని రోజులు పడి, కొన్ని రోజులు కరిగి పోతుంది, మిగిలిన రోజుల్లో రోడ్డు పొడిగానే ఉంటుంది. పైగా ఆ కొలతలో చలికాలపు టైర్లు మన దగ్గర దొరకడం కష్టం. కొత్త మామూలు టైర్లు నాలుగు, గొలుసులు ఒక జత చాలు. ముందు చక్రాలకే వేయాలి. మీ కారులో లాగేవీ, తిప్పేవీ అవే. వెనక భాగం తిరుగుతుందన్న మాట గొలుసులకూ వర్తిస్తుంది, అందుకే వాటితో గంటకు 20 దాటవద్దు. మంచు లేని తారు మీదికి రాగానే విప్పేయండి, లేకపోతే గొలుసూ తెగుతుంది, టైరూ పోతుంది. ఇక బ్లాక్ ఐస్ ఉన్న ఉదయం గొలుసులు ఉన్నాయన్న ధైర్యంతో కూడా బయలుదేరవద్దు. పదకొండు దాటాక వస్తానని కార్యాలయానికి ఫోను చేయండి. అక్కడ అందరూ అర్థం చేసుకుంటారు, వారూ అదే చేస్తారు.

మూసాపేట గ్యారేజీ

సైనిక్‌పురి పెద్దాయన మాటే నాదీ. ఒక్కటి గమనించండి, గొలుసు కొనేముందు టైరు లోపలి వైపుకూ సస్పెన్షన్‌కూ మధ్య ఎంత సందు ఉందో జాకీ ఎత్తించి చూపించుకోండి. మందపాటి గొలుసు అయితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి బ్రేకు గొట్టానికి రాసుకుంటుంది. చిన్న కార్లకు సన్నని కడియాలవి వస్తాయి, అవే తీసుకోండి.

హబ్సిగూడ నివాసి

గొలుసులు వచ్చాయి. సెల్లార్ పార్కింగ్‌లో నేనూ మావారూ కలిసి వేసి చూశాం. మొదటిసారి 40 నిమిషాలు పట్టింది, మూడోసారికి 15 నిమిషాల్లో అయింది. చేతికి తొడుగులతో వేస్తే కొక్కెం దొరకడం లేదు, వట్టి చేతులతో సులువుగా ఉంది. బిగించాక నాలుగు కడియాల గొలుసు అదనంగా మిగిలి వేలాడుతోంది. దాన్ని ఏం చేయాలి?

సైనిక్‌పురి నివాసి

అది వేలాడకూడదమ్మా, చక్రం తిరిగినప్పుడు మడ్‌గార్డును కొడుతుంది. మిగిలిన ముక్కను బయటి వైపే ఉన్న గొలుసులోకి మడిచి, బలమైన తాడుతోనో ఇనుప తీగతోనో కట్టేయండి. కొక్కెం తెరుచుకునే వైపు టైరుకు కాకుండా బయటికి ఉండాలి. వేశాక వంద మీటర్లు మెల్లగా నడిపి, ఆగి మళ్లీ ఒకసారి బిగించండి. మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది. తొడుగుల మాట నిజమే గానీ, మైనస్ మూడు డిగ్రీల్లో వట్టి చేతులతో ఇనుము ముట్టుకుంటే ఐదు నిమిషాల్లో వేళ్లు పనిచేయవు. పలుచని రబ్బరు తొడుగులు కొని, వాటితో సెల్లార్‌లోనే ఇంకో రెండుసార్లు వేసి చూడండి.